దేవకుమారికి వినిపించని పిలుపు

మార్టూరు చుట్టుపక్కల రాతిపని చేసేవాళ్లలో దేవకుమారిని ఎరగనివాళ్లు లేరు. చిన్నతనంలో ఇల్లు గడవక తిరుప్పూరు బనియన్ల కంపెనీలో పనికి వెళ్లి, అక్కడే తమిళం నేర్చుకుంది. కన్నతల్లి పోయిన కబురు కూడా అక్కడ తమిళంలోనే విన్నది. తిరిగొచ్చి పెళ్లి చేసుకుని, భర్త సాల్మన్ చనిపోయాక క్వారీ కూలీలకు భోజనం క్యారియర్లు కట్టడం మొదలుపెట్టింది. పాలిషింగ్ యూనిట్లలో రాజస్థాన్ వాళ్లతో బేరాలాడుతుంటే హిందీ వచ్చింది. పంపు దగ్గర గంజాం ఆడవాళ్లతో నీళ్లు పట్టుకుంటుంటే ఒడియా వచ్చింది. ఎవరికి జ్వరమొచ్చినా డాక్టరుకు చెప్పేది ఆమే. ఎవరికి బ్యాంకులో పని పడినా వెంట వెళ్లేది ఆమే.

ఇదంతా చూసి, మిరపచేల అవతల ఉన్న క్వారీ మేనేజరు శివరామకృష్ణ ఆమెను నెలజీతం మీద పెట్టుకున్నాడు. "వంట మానెయ్యమ్మా. నా మాట వాళ్లకీ, వాళ్ల మాట నాకూ చేర్చు, చాలు" అన్నాడు. క్యారియర్లు మోసిన రోజుల్లో ఆమె అంత డబ్బు కళ్లజూడలేదు.

ఆ యేడు మిరపకోతలు అయిపోవస్తున్న రోజుల్లో, ఒడియా డ్రిల్లర్ ఒకడు ఆమె దగ్గరికి వచ్చి, తన భాషలో మెల్లగా అడిగాడు.

"అక్కా, మా ఊరి ఆడవాళ్లెవరైనా కొత్తగా వచ్చారా?"

"లేదే, ఏం?"

"మిట్టమధ్యాహ్నం మిషన్లు ఆపగానే, గుంట అడుగున రాతిగోడ లోపల్నుంచి ఎవరో పిలుస్తున్నారు. 'ఉపరకు ఆ' అని. పైకి రా, అన్నం చల్లారిపోతోంది అంటోంది. అచ్చం మా అమ్మ గొంతు."

ఎండదెబ్బేమోనని మజ్జిగ తాగించి పంపింది.

మర్నాడు తమిళ క్రేన్ ఆపరేటర్ వచ్చాడు. తమవాళ్లెవరన్నా దిగారా అని అతనూ అడిగాడు. 'మేలే వా', పైకి రా అని ఎవరో ఆడమనిషి పిలుస్తోందట. సోరు, అదే అన్నం, చల్లారిపోతోందంటోందట.

ఆ ఇద్దరూ ఒకే గుంటలో పనిచేస్తారు. ఒకరి భాష ఒకరికి రాదు. చేతులతో సైగలు తప్ప ఏనాడూ మాట్లాడుకున్నవాళ్లు కారు.

ఆమె రాజస్థాన్ మేస్త్రి దగ్గరికి వెళ్లి, ఏమీ చెప్పకుండా, "కింద నీకేమైనా వినపడుతోందా?" అని హిందీలో అడిగింది. అతను రాయి కోసే మిషను తుడుస్తూనే ఉన్నాడు. "ఊపర్ ఆ, రోటీ చల్లారిపోతోంది అంటుంది. మా అమ్మ పోయి ఎన్నేళ్లో అయింది. ఎవరికీ చెప్పకు, నవ్వుతారు" అన్నాడు. కంప్రెసర్ నడిపే బుడాన్‌ది ఈ ఊరే. అడగ్గానే "మా అమ్మే" అని ఏడ్చేశాడు.

మధ్యాహ్నం మిషన్లు ఆగాక ఆమె ఒక్కతే గుంటలోకి దిగింది. నలుపక్కలా నిట్టనిలువు రాయి. పైన గుడ్డముక్కంత ఆకాశం. గోడకు చెవి ఆనించి నిలబడింది. నీటిచుక్కలు జారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇన్ని భాషలు విన్న చెవికి ఒక్కటంటే ఒక్క మాట వినబడలేదు. తనను అన్నానికి పిలిచేవాళ్లెవరూ లేరా అనుకుంది. పిలుపు వినబడినా అంత భయపడేది కాదేమో. పైకొచ్చి మేనేజరు దగ్గరికి వెళ్లింది.

"సార్, రేపు ఎవర్నీ దింపొద్దండి."

"ఏం చెప్పి ఆపమంటావమ్మా? దెయ్యం పిలిచిందని ఓనరుకు చెప్పనా?"

"ఒక్కడు చెబితే నేనూ నమ్మేదాన్ని కాదండి. భాషలు కలవనివాళ్లు అందరూ ఒకటే చెబుతున్నారు."

ఆయన తల పట్టుకున్నాడు. రేపు చూద్దాం అన్నాడు.

పొద్దున్నే గుంట గట్టున అందరినీ కూర్చోబెట్టి, ఒడియా వాళ్ల మాట తమిళం వాళ్లకీ, తమిళం వాళ్ల మాట రాజస్థాన్ వాళ్లకీ విప్పి చెప్పింది. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అప్పటిదాకా ఎవరి భయం వాళ్లే కడుపులో దాచుకున్నారు. ఇక దిగడానికి ఒక్కరూ లేవలేదు. మేనేజరు వచ్చి గట్టిగా ఏదో అనబోయి, వాళ్ల మొహాలు చూసి వెనక్కి తగ్గాడు. తనూ గట్టునే కూర్చున్నాడు.

ఎండ నడినెత్తికొచ్చే వేళకు తూర్పు గోడ కదిలింది. ముందు చప్పుడేమీ లేదు. ఇంటిని మించిన బండ, తలుపు తెరుచుకున్నట్టు మెల్లగా ఒరిగి, వాళ్లు రోజూ నిలబడే చోట పడింది. అప్పుడు నేల అదిరింది. దుమ్ము లేచి మిరపకల్లాల దాకా కమ్మింది.

ఆ గుంట మూసేశారు. ఇప్పుడందులో నల్లటి నీళ్లు. ఆ రోజు గట్టున కూర్చున్నవాళ్లు ఎవరి దారిన వాళ్లు వేరే క్వారీలకు వెళ్లిపోయారు. తమిళ ఆపరేటర్ మాత్రం అప్పుడప్పుడు ఫోన్ చేసి అడుగుతాడు, "అక్కా, ఆ పిలిచిందెవరంటావు?" అని. "నాకేం తెలుసు తంబీ. మళ్లీ పిలిస్తే ముందు పైకెక్కు" అంటుంది.

చుట్టుపక్కల క్వారీల వాళ్లు కూడా ఇప్పుడామెను పిలిపించుకుంటున్నారు. జీతం పెరిగింది. పొద్దున పని మొదలయ్యే ముందు ఒక్కొక్కరినీ వాళ్ల భాషలో పలకరించడం ఆమె పని. నిద్ర పట్టిందా, ఒంట్లో ఎలా ఉంది, నిన్న కిందేమైనా వినిపించిందా?

ఈమధ్య కొత్తగా తవ్వుతున్న గుంటకు జార్ఖండ్ నుంచి సంతాలీ మాట్లాడేవాళ్లు వచ్చారు. ఆమెకు ఒక్క ముక్క రాదు. సాయంత్రాలు వాళ్ల ఆడవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకుంటోంది. నీళ్లు, నొప్పి, భయం అనే మాటలు వచ్చాయి. మిగతావి వచ్చేదాకా వాళ్లను గుంటలోకి దింపొద్దని శివరామకృష్ణకు చెప్పింది. ఎందుకని ఆయన అడగలేదు.