అరవై మూడు ఎర్రర్లు

కల్వకుర్తిలో హాస్కెల్ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్లు ఎంతమందని ఎవరైనా లెక్క తీస్తే, ఆ లెక్క మంజులత దగ్గర మొదలై మంజులత దగ్గరే ముగుస్తుంది. ఆమె చేసే పని ఫలానా అని చెప్పగలిగినవాళ్లు ఊళ్లోనే కాదు, ఇంట్లోనూ లేరు. బస్ డిపోలో మెకానిక్‌గా చేసే భర్త శ్రీశైలాన్ని అడిగితే, "కంప్యూటర్ల ఏందో రాస్తది. పొద్దంత దాంతోనే కొట్లాట" అంటాడు. ఆ కొట్లాట మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

అంతకుముందు ఆమె పదకొండేళ్లు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పింది. పిల్లలు తగ్గుతూ తగ్గుతూ కరోనా ఏడాదికి కాలేజీకే తాళం పడింది. అప్పటికి ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. ఇంట్లో కూర్చుని, ఎవరో వాడి వదిలేసిన లాప్‌టాప్ ముందు పెట్టుకుని ఈ కొత్త భాష నేర్చుకుంది. ఆ వయసులో అది పళ్లు కదులుతున్నప్పుడు చెరుకు నమలడంలాంటిదే. ఇన్ని భాషలుండగా ఇదే ఎందుకంటే, హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ ఈ భాష వచ్చినవాళ్లు కావాలని ప్రకటన ఇస్తే దరఖాస్తులు పెద్దగా రాలేదు. పోటీ తక్కువున్న పరీక్షే మన పరీక్ష అనుకుంది మంజులత. అనుకున్నట్టే ఉద్యోగం దొరికింది. ఇంటి నుంచే పని, ఏడాదికొకసారి కొత్త ఒప్పంద కాగితం. మూడేళ్లుగా ఆ కాగితం వచ్చే ఒకటో తారీఖు కోసమే ఆమె బతుకు నడుస్తోంది. మెడ పట్టేసినా, కళ్లు మండినా ఆ తారీఖు దాటేదాకా దవాఖాన మాట ఎత్తదు.

ఈ హాస్కెల్‌కు ఒక పట్టింపు ఉంది. ప్రోగ్రాములో ప్రతి సరుకూ ఏ రకానిదో ముందే చెప్పాలి. ఆ రకాన్నే టైప్ అంటారు. ఒక టైప్ సరుకును ఇంకో టైప్ చోట పెడితే, ప్రోగ్రామును సరిచూసి యంత్రానికి అందించే కంపైలర్ ఒప్పుకోదు. మజ్జిగ గరిటెను పప్పు గిన్నెలో పెట్టనివ్వని అత్తగారు ఎట్లాంటిదో అదీ అట్లాంటిదే. పని చేయించుకునేవాళ్లు సరేనన్నా, చేసేవాళ్లు సరేనన్నా అది సరేననాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత దీన్ని చూసే పుట్టిందని మంజులత నమ్మకం.

ఆమె చేతికి వచ్చింది తాను రాసిన ప్రోగ్రామ్ కాదు. ఎవరో రాసి, ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. మెట్ట రైతులకు సోలార్ పంపులిచ్చే ఒక సంస్థ కోసం అది పేర్ల జాబితా తీస్తుంది. సొంత పేరు మీద కనీసం రెండెకరాలున్న రైతుకే పంపు. అంతవరకు ఒక రైతుకు ఒకే సర్వే నంబరు చూసేవాళ్లు. మర్రిగూడ వైపు చెల్కలు, అంటే మెట్ట చేలు, ఉన్న ఎవరిని అడిగినా చెప్తారు, భూమి ఒక్కచోట ఉండదని. ఇక్కడో తునక, అక్కడో తునక. ఆ తునకలన్నీ కలిపి చూడమన్నది కొత్త పని. ఇంతే. చిన్నపిల్లల కూడిక.

"మేడమ్, ఇప్పటికి రెండు గడువులు దాటినయి" అన్నాడు ప్రవీణ్ ఫోన్లో. కంపెనీలో ఆమె పైవాడు, ఆమె కంటే పదేళ్లు చిన్న. "ఈ శుక్రవారం కూడా కాకుంటే మొత్తం ప్రోగ్రామ్ వేరే భాషలో రాయించుకుందం అంటున్నరు. అప్పుడు మీ రెన్యువల్ నా చేతిల ఉండదు."

ఆ కూడిక దగ్గరే ఆమె వారమంతా పోయింది. మొదటి తగాదా మాడ్యూళ్లది. మాడ్యూల్ అంటే ప్రోగ్రాములో ఒక అర. రైతుల వివరాలున్న అర భూముల అర ముందు సిద్ధం కావాలంటుంది, భూముల అర రైతుల అర ముందు సిద్ధం కావాలంటుంది. నువ్వు ముందెక్కు అంటే నువ్వు ముందెక్కు అని బస్సు మెట్ల దగ్గర నిలబడిపోయిన వియ్యంకుల కథ. రెంటికీ కావలసినవి తీసి మూడో అరలో పెట్టి, ఆ ముడి విప్పేసరికి మంగళవారం గడిచిపోయింది.

హమ్మయ్య అనుకునేలోపు అసలు తగాదా బయటపడింది. అరవై మూడు ఎర్రర్లు. అన్నీ ఒకటే పాట: ఇక్కడ మామూలు సంఖ్య కావాలి, నువ్వు విస్తీర్ణం ఇచ్చావు. ముందు పనిచేసినాయన భూమి విస్తీర్ణానికి ప్రత్యేకంగా ఒక టైప్ కట్టి, తాళం వేసి, తాళంచెవి వెంట పట్టుకుపోయాడు. బయటి నుంచి దాన్ని చూడొచ్చు, అచ్చు వేయొచ్చు. లోపల ఏముందో తీయడానికి లేదు, ఒకదానికొకటి కూడడానికి లేదు. ఎందుకిట్లా కట్టాడో ఒక్క ముక్క రాసి పెట్టలేదు. మంజులత అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. టైపులు విడమరిచి రాసింది. పాత ఫైళ్లు తుడిచి మొదటి నుంచి కట్టించింది. ఎర్రర్లు అరవై ఒకటయ్యాయి, డెబ్బై అయ్యాయి, మళ్లీ అరవై మూడుకే వచ్చి కూర్చున్నాయి. ఆ వెళ్లిపోయినాయన్ని, ఆయన పట్టింపును నోరారా తిట్టుకుంది. అన్నం ముందు కూర్చున్నా ఎర్ర అక్షరాలే కనబడేవి.

శుక్రవారం మధ్యాహ్నం ఒక దొంగదారి దొరికింది. విస్తీర్ణాన్ని అచ్చు వేయమంటే అది 1.20 అని అక్షరాలుగా ఇస్తుంది. ఆ అక్షరాలనే మళ్లీ సంఖ్యగా చదవమంటే చదువుతుంది. ఇక కూడుకోవచ్చు. పెట్టి చూసింది. అరవై మూడూ ఒక్క దెబ్బకు పోయాయి. ముగ్గురు రైతులతో పరీక్ష చేసింది. ఆ ముగ్గురివీ నిండు ఎకరాలే, లెక్క సరిగ్గానే వచ్చింది. ఆమెకు సంతోషమేమీ కలగలేదు, నెత్తి మీది మోపు దించినట్టయింది, అంతే. పంపేసి, ఆ మధ్యాహ్నం చాప మీద ఒళ్లు తెలియకుండా పడుకుంది.

రెండు వారాల తర్వాత ఒక ఉదయం మామ గుర్వయ్య ఫోన్ చేతిలో పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. సర్వేయర్ల వెంట ముప్పై ఏళ్లు భూములు కొలిచే గొలుసు పట్టుకుని నడిచిన మనిషి. మర్రిగూడ దగ్గరి ఆయన సొంతూరిలో ఆయన గొలుసు పడని చెల్క లేదు.

"బిడ్డా, మా ఊరి బిక్షమ్మ ఫోన్ జేసింది. పంపు రాదని మెసేజ్ వచ్చిందట. భూమి రెండెకరాల కంటె తక్కువున్నదని రాసిన్రట. గదెట్ల తక్కువైతది? గా చెల్కకు గొలుసు వట్టింది నేనే."

"రూల్ ప్రకారమే వచ్చుంటది మామా" అంది మంజులత తల ఎత్తకుండా.

"రూలు సంగతి నాకెర్క లేదు. జర సూడు."

చూస్తే తప్ప కదలడని తెలిసి జాబితా తెరిచింది. బిక్షమ్మ, రెండు తునకలు. 1.20, 0.30. మొత్తం 1.50. గుర్వయ్య కళ్లజోడు పెట్టుకుని తెర మీదికి వంగాడు. వంగి, పకపకా నవ్వాడు.

"ఎకరం యాభై గుంటలా! నలభై గుంటలకే ఎకరం నిండిపాయె. యాభై గుంటలు యాడికెళ్లొచ్చినయి బిడ్డా?"

"గుంటలు కాదు మామా, అది ఒకటిన్నర..." అంటూ ఆమె మధ్యలోనే ఆగిపోయింది.

ఎకరం ఇరవై గుంటలు, ముప్పై గుంటలు. కలిపితే ఎకరం మీద యాభై గుంటలు. అందులో నలభై గుంటలు ఇంకో ఎకరం. రెండెకరాల పది గుంటలు. ఈ ప్రాంతంలో భూమి రాసే పద్ధతే అది, చుక్కకు ఇవతల ఎకరాలు, అవతల గుంటలు. పుట్టింటి కాగితాల్లో చూస్తూ పెరిగిన లెక్క. ఏ పట్నం పిల్లో చేసుంటే తెలియక చేసిందనుకోవచ్చు. మంజులతకు తెలుసు. తెలిసినా ఆ శుక్రవారం ఆమె కళ్లకు అవి ఎకరాలూ కావు, గుంటలూ కావు. నోరు మూయించాల్సిన ఎర్రర్లు.

మామను పంపించి జాబితా అంతా సరిచూసింది. రెండువందల పద్నాలుగు మంది. అందరూ పంపు రావాల్సినవాళ్లే, రాదని మెసేజ్ అందుకున్నవాళ్లే. ఒకటో తారీఖుకు ఇంకా తొమ్మిది రోజులుంది. ఈ తప్పు లోకంలో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని సాయంత్రం బియ్యం ఏరుతూ వందసార్లు అనుకుంది. చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే? ఏమీ కాదు. అదే ఆమెను భయపెట్టింది.

"ఏమైంది బిడ్డా, పొద్దున్నుంచి మాట లేదు?" అన్నాడు గుర్వయ్య గడప మీద కూర్చుంటూ.

"తప్పు నాదే మామా. తొందరల చేసిన. చాలా మందికి పంపులు పోయినయి."

ముసలాయన వీధి వైపు చూస్తూ చెప్పాడు. "ఒక్కపారి ఎండకు తాళలేక గొలుసు సాగదీసి పట్టలే. వదులుగ వట్టుకున్న. ఒకాయన గట్టు మూడు గజాలు లోపటికి జరిగింది."

"ఆయనకు చెప్పినవా?"

"చెప్పలే. సచ్చిపోయేదాక ఎదురైనప్పుడల్ల నాకు దండం వెట్టిండు."

మర్నాడు పొద్దున్నే మంజులత ప్రవీణ్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది.

"జాబితా వెళ్లిపోయింది మేడమ్. పంపులు కూడా పంచేసిన్రు. ఎవరూ అడగలేదు కదా?"

"ఒకామె అడిగింది."

"సరే. సరిచేసి పంపండి. సంస్థవాళ్లకు నేను చెప్పుకుంట" అన్నాడు అలసటగా. "రెన్యువల్ సంగతి చూద్దం."

దొంగదారి మూసేయగానే అరవై మూడు ఎర్రర్లూ తిరిగి వచ్చాయి, చెప్పులు మరిచిపోయిన చుట్టాల్లా. ఈసారి మంజులత వాటిని తిట్టలేదు, చదివింది. అరవై మూడూ ఆమెను అడుగుతున్నది ఒక్కటే: దేనిలో దేన్ని కలుపుతున్నావు? తాళం పగలగొట్టాల్సిన అవసరమే లేదు. తాళం లోపల, ఆ విస్తీర్ణం అరలోనే కూడిక రాయాలి. గుంటలు నలభై దాటితే ఎకరంలోకి ఎక్కించాలి. బయటివాళ్లకు ఆ కూడికనొక్కటే అందించాలి. రాస్తే తొమ్మిది వరుసలు. ఆ తర్వాత ఒక్కొక్క ఎర్రర్ దగ్గరికీ వెళ్లి పాత కూడిక తీసి కొత్తది పెట్టడానికి మూడు రోజులు పట్టింది. వెళ్లిపోయిన ఆ మనిషి ఎవరో గాని, రెండెకరాల విలువ తెలిసినవాడే అయ్యుంటాడు. అన్ని తిట్లు తిట్టినందుకు ఆమెకు సిగ్గేసింది. నెలరోజులుగా తనతో నిజం చెప్పింది ఆ కంపైలర్ ఒక్కటే, దాన్నే శత్రువనుకుంది.

ఆ రెండువందల పద్నాలుగు మందికి వచ్చే ఏడాది మొదటి విడతలో ఇస్తామని సంస్థ మాట ఇచ్చింది. మాటే, కాగితం కాదు. ఒకటో తారీఖున మంజులతకు మాత్రం కాగితం వచ్చింది. ఏడాదికి కాదు, మూడు నెలలకు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదేనని ఆమెకు అర్థమైంది. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

అదే రోజు మామ దగ్గర నంబరు తీసుకుని బిక్షమ్మకు ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, నేను గుర్వయ్య కోడల్ని మాట్లాడుతున్న. లిస్టుల నీ పేరు పోయింది నా వల్లనే. నీ రెండు తునకలు కలిపేకాడ నేనే తప్పు జేసిన. పంపు వచ్చే ఏడు ఇస్తమంటున్నరు."

తిట్లు పడతాయని కాచుకుంది మంజులత.

"పంపు సంగతి ఇడిసిపెట్టు బిడ్డా" అంది బిక్షమ్మ. "నా భూమి ఎంతున్నది?"

"రెండెకరాల పది గుంటలు."

"పక్కానా? రెండెకరాల కంటె తక్కువని మెసేజ్ వచ్చిన కాడికెళ్లి నాకు తిండి వోతలేదు. మిగిలింది ఎవలో రాపిచ్చుకున్నరనుకున్న. పాసుబుక్కు వట్టుకొని ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగిన. సార్లు ఎవలూ సూడకపోయిరి. చెల్కల నిలవడి నేనే అడుగులు వెట్టి కొలుసుకున్న. నాకేం లెక్క తెలుస్తది? ఒకపారి సరిపోతది, ఒకపారి తక్కువొస్తది."

"ఎటూ పోలేదు పెద్దమ్మా. నీ భూమి నీకే ఉంది."

"ఎంతన్నవు? మల్లొకపారి చెప్పు."

మంజులత మళ్లీ చెప్పింది. బిక్షమ్మ ఇంకోసారి చెప్పమంది. మూడోసారి మంజులత ఎకరాలు వేరుగా, గుంటలు వేరుగా, మెల్లగా చెప్పింది.