వాచీ చూపిన నడక

మా పెద్దబిడ్డ పోయిన నెల ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఉప్పల్ చౌరస్తాలో జరిగిన ప్రమాదం సంగతి మా నాచారం గల్లీలో అందరూ ఎరుగుదురు. నేను చెప్పాలనుకున్నది అది కాదు. ఆ పిల్ల ఎంత సంబరంగా చదువుకుందో చెప్పాలి. నాకు పెద్ద చదువు లేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఎమ్మెస్సీ చదువుతుండేది. చేతి వాచీ, ఫోను చూసి మనిషి ఆరోగ్యం కనిపెట్టడం, మంచి అలవాటు పడేదాకా వెంట ఉండి చెప్పడం, ఇదీ ఆ చదువు. "అయితే డాక్టర్‌వా?" అంటే, "కాదమ్మా, డాక్టర్ దాకా పోకుంట ఆపేదాన్ని" అని నవ్వేది.

ప్రాజెక్టు కోసం గల్లీలో షుగరున్న ఆడవాళ్లకు అడుగులు లెక్కపెట్టి తన ఫోనుకు పంపే వాచీలు కట్టింది. పక్కింటావిడను నేను వదినా అంటాను, మా బిడ్డ అత్తమ్మా అనేది. ఆమెకు షుగర్ దిగకపోతే ఇన్సులిన్ సూది మొదలుపెడతానన్నాడు డాక్టర్. సూదంటే ఆమెకు వణుకు. నడిపించి దించాలని మా బిడ్డ పట్టు.

ఒక పొద్దున ఫోను చూసి గంతేసింది. "అమ్మా, అత్తమ్మ ఎంత నడిసిందో సూడు." ఇద్దరం పక్కింటికి ఉరికాం. వదిన పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కొడుతోంది.

"నేనెక్కడ నడిసిన్నే? పొద్దటిసంది ఈడనే కూసున్న."

రొట్టె మీద పడ్డ ప్రతి దెబ్బనూ వాచీ ఒక అడుగుగా లెక్కేసుకుంది.

"అట్లయితే నడుసుడెందుకు, ఇంకో నాలుగు రొట్టెలు కొడ్తా" అంది వదిన.

ప్రాజెక్టు చెడిపోయిందనుకున్నాను. మా బిడ్డ కళ్లు మెరుస్తున్నాయి. "గిది ఏ పుస్తకంల లేదమ్మా. వాచీని నమ్ముకుంటే కాదు, మనిషిని అడగాలె." టిఫినైనా తినకుండా వాళ్ల సార్‌కు చెప్పడానికి పరుగెత్తింది.

ఆ రోజు నుంచి మా బిడ్డ సాయంత్రం వదిన గడప మీద కూర్చుని, ఏం చేసిందో అడిగేది, తరువాతే ఫోను చూసేది. ఎన్నడూ గద్దించలేదు. పెళ్లిలో లడ్డూలు తిన్నానని వదిన ఒప్పుకుంటే, "మంచిగున్నయా? రేపు జర ఎక్కువ నడుద్దాం తియ్" అంది.

బిడ్డ పోయాక వదిన వాచీ విప్పి నా చేతిలో పెట్టింది. "పిల్లనే లేదు. ఎవరికోసం నడవాలె?"

మరునాడు వెళ్లి ఆ గడప మీదే కూర్చున్నాను. ఫోనులో ఏం చూడాలో నాకు తెలియదు. "ఇయ్యాల ఏం జేసినవ్ వదినా?" అని అడిగాను. కొంగు మొహాన కప్పుకుని చాలాసేపు ఏడ్చింది. తరువాత లేచి చెప్పులు వేసుకుంది.

నిన్న వదిన దవాఖానా నుంచి వస్తూ గల్లీ మొదట్లోనే కేకేసింది. షుగర్ దిగింది, ఇప్పుడప్పుడే సూది వద్దన్నాడట డాక్టర్. సాయంత్రం ఇద్దరం నడుస్తుంటే ఉప్పల్ రోడ్డు మీద షేర్ ఆటో మా పక్కన ఆగింది.

"ఎక్కుతరా అమ్మా?"

"పో బిడ్డా, మేం నడుస్తున్నం" అంది వదిన.

ఆటో వెళ్లిపోయింది. వదిన కొంగు నడుముకు దోపుకుని, చేతులు ఊపుకుంటూ నాకంటే ముందు పోతోంది.