మాట పోయిన మా అత్త మాట్లాడిన ఏడు నిమిషాలు

దయ్యాలు, గాలి సోకడాలు ఇట్లాంటివి నేను చిన్నప్పటి నుంచీ నమ్మను. కొమరోలు హైస్కూల్లో లెక్కలు చెప్తా. ఒకసారి బడి వెనకాల కానుగ చెట్టు కింద ఏదో కనపడిందని పిల్లలు వరసగా జ్వరాలు తెచ్చుకుంటే, వారం రోజులు ఆ చెట్టు కిందనే కుర్చీ వేసుకొని పేపర్లు దిద్దినదాన్ని. ఇది చదివి నన్ను ఇంకో రకం మనిషి అనుకోవద్దని ముందే చెప్తున్నా.

మేం గిద్దలూరులో ఉంటాం. మా ఆయన కరెంటు డిపార్ట్‌మెంటులో పని చేస్తాడు. పోయిన ఏడు పాత పెట్రోలు కారు ఇచ్చేసి ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాడు. నేను కూడా సరే అన్నా. తీసుకున్నాక గానీ తెలియలేదు, అందులో ఫోన్‌ది ఏదీ తెర మీదికి రాదని.

పాత కారులో ఫోన్‌కు వైరు పెడితే ఫోన్‌లో ఉండేదంతా తెర మీద కనపడేది. మ్యాపు, పాటలు, మెసేజీలు అన్నీ నాకు అలవాటైన చోటే ఉండేవి. ఈ కారుకు అదేం అవసరం లేదంట. "అన్నీ ఇన్‌బిల్టే మేడం, నోటితో చెప్తే చాలు, తెలుగు కూడా వస్తుంది" అన్నాడు షోరూం అతను.

దానికి వచ్చిన తెలుగు ఏ ఊరిదో నాకు అర్థం కాలేదు. కంభం పోవాల అంటే ఖమ్మం దారి చూపించేది. పైగా, అంత దూరానికి ఛార్జింగ్ చాలదని నాకే బుద్ధి చెప్పేది. గిద్దలూరు అంటే గుడ్లూరు అనేది. ఏసీ తగ్గించమంటే పాట పెట్టేది. పాట ఆపమంటే, "క్షమించండి, మీరు చెప్పింది అర్థం కాలేదు" అనేది. వారానికోసారి అప్‌డేట్ అడిగేది. అది అయిన మర్నాడు తెర మీద ఏ బొమ్మ ఎక్కడుందో మళ్లా మొదటి నుంచి వెతుక్కోవాల.

బ్లూటూత్ మాత్రం పని చేసేది. ఫోన్‌లో ఉండే పేర్లన్నీ కారు లాగేసుకునింది. ఎవరన్నా ఫోన్ చేస్తే నేను ఎత్తేది ఫోనే అయినా, మాటలు మాత్రం కారంతా మోగేవి. అది మార్చడానికి ఎక్కడో సెట్టింగు ఉందంట. నాకైతే దొరకలేదు.

ఈ కారుతో నాకు ఎక్కువ పని పడింది మా అత్త వల్ల.

మా అత్త పేరు ఓబులమ్మ. ఆరు నెలల కింద పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ పోయినాయి. మనిషికి తెలివి మాత్రం బాగుంది. చెప్పేదంతా అర్థమవుతుంది. నోట్లో నుంచి మాత్రం "ఆ... ఆ..." అనే శబ్దం తప్ప ఇంకేం రాదు. అంతకు ముందు వీధి చివర నిలబడి పిలిస్తే మా వంటింట్లోకి వినపడే గొంతు ఆమెది. ఒకప్పుడు నూటయాభై గొర్రెల మందను ఒక్క అరుపుతో మలిపేదని మా ఆయన చెప్తాడు. అట్లాంటి మనిషి మంచినీళ్లకు కూడా మంచం కోడు తట్టి అడగాల్సి వచ్చింది.

మార్కాపురంలో ఫిజియోథెరపీ చేయిస్తే కొంచెం మేలుగా ఉందని అక్కడికి వారానికోసారి తీసుకపోయేవాళ్లం. మా ఆయనకు ఎప్పుడూ లైన్ల మీద పనే. కాబట్టి సెలవు పెట్టి పోయేది నేనే.

ఆ రోజు కూడా మేం ఇద్దరమే పోయినాం. ముందురోజు రాత్రి ఇంటి దగ్గర కరెంటు పోయి కారు సగమే ఛార్జి అయింది. కరెంటు డిపార్ట్‌మెంటు ఇంట్లో ఈ బాధ ఏందని మా ఆయన్ని నాలుగు మాటలు అని బయల్దేరినా. ఫిజియో అయిపోయేసరికి పదిన్నర దాటింది. ఊరి చివర ఒక హోటల్ పక్కన ఛార్జింగ్ పాయింటు ఉంటే అక్కడ తగిలించినా.

అది మొదలు కావడానికే ఇరవై నిమిషాలు పట్టింది. తెర మీద లాగిన్ అవమంటుంది. లాగిన్ అయితే ఓటీపీ అంటుంది. ఆ ఓటీపీ మా ఆయన ఫోన్‌కు పోతుంది. ఆయన స్తంభం మీద ఉంటాడు. చివరికి ఎట్లనో మొదలైంది. ఎంతసేపు పడుతుందో చెప్పమని నోటితో అడిగినా. అర్థం కాలేదనింది. మూడుసార్లు అడిగినా, మూడుసార్లూ అదే మాట. నాకు ఒళ్లు మండింది.

"నీతో మాట్లాడే బదులు గోడతో మాట్లాడేది మేలు" అని తెర ఆపేసినా.

అత్త నా పక్క సీట్లో ఉంది. నన్ను చూసి మూతి ఒక పక్కకు కొంచెం లాగింది. అది నవ్వని నాకు తెలుసు.

తర్వాత నేను పేపర్ల కట్ట తీసి ఒళ్లో పెట్టుకొని దిద్దడం మొదలుపెట్టినా. అద్దాలు ఎక్కించి, ఏసీ పెట్టినా. ఫోన్ నా చేతిసంచిలో, వెనక సీటు మీద ఉంది. కారులో పెన్ను గీత వినపడేంత నిశ్శబ్దం. మధ్యలో రెండుసార్లు తలెత్తి అత్తను చూసినా. ఆమె ఆగిపోయిన తెర వైపే చూస్తూ ఉంది. పెదవులు కదలలేదు. ఇది నేను ఎవరి ముందైనా చెప్పగలను. అరగంటలో పద్నాలుగు పేపర్లు దిద్దినా.

ఇంక వైరు పీకుదాం అనుకుంటా ఉంటే ఫోన్ మోగింది. తెర దానంతటదే వెలిగి పేరు చూపించింది. పెద్దారవీడు చిన్నత్త.

ఈమె మా అత్తకు సొంత చెల్లెలు, గురవమ్మ. అక్కాచెల్లెళ్లకు పన్నెండేళ్లుగా మాటల్లేవు. వాళ్ల అమ్మ చివరి రోజుల్లో మా అత్త దగ్గరే ఉండి, అక్కడే పోయింది. అంతా అయిపోయినాక గానీ చెల్లెలికి కబురు పోలేదు. శవాన్ని కూడా చూడనియ్యలేదని ఆమె మా గడప తొక్కడం మానేసింది. అత్తకు పక్షవాతం వచ్చిందని నేనే ఫోన్ చేసి చెప్తే, "అయ్యో" అనిందే తప్ప రాలేదు. ఆమె తానుగా నాకు ఫోన్ చేయడం అదే మొదలు.

వెనక్కి వంగి సంచిలో నుంచి ఫోన్ తీసి ఎత్తినా. కారంతా ఏడుపు వినపడింది.

"రమా, అక్క ఫోన్ పెట్టేసిందేంది? నేను ఒక్క మాటన్నా చెప్పకముందే పెట్టేసింది. ఒకసారి ఇయ్యమ్మా ఆమెకు."

నాకు కోపం వచ్చింది. అంతసేపు ఆ తెరతో పడిన చిరాకంతా ఉంది గదా, ఆమె మీద చూపించినా. "ఏ అక్క చిన్నత్తా? మా అత్తకు మాట పడిపోయి ఆరు నెలలైంది. నీకు తెలీదా?"

"తెలుసమ్మా. మందులకు మళ్లా వచ్చిందనుకున్నా. ఇప్పటిదాంకా మాట్లాడింది గదా నాతో. నీ ఫోన్ నుంచే వచ్చింది."

ఎవరో ఆటపట్టించినారేమో అన్నా. ఆమె ఒప్పుకోలేదు.

"మా అక్క గొంతు నాకు తెలీదా? ఎప్పటి గొంతే, రోగమొచ్చిన గొంతు కాదు. గుర్రీ అని పిలిచింది. మా అమ్మ, ఈమె తప్ప నన్ను అట్ల పిలిచినోళ్లు లేరు. అమ్మ నాలుగు దినాలు గుర్రీని పిలవండి, గుర్రీని పిలవండి అని అడిగిందంట. నేనొస్తే అమ్మ నాతో వచ్చేస్తాదేమోనని పిలవలేదంట. 'అమ్మ నా చేతుల్లోనే పోవాలనుకున్నా, తప్పు నాది' అనింది. అమ్మ ఆకువక్కలోకి సున్నం పెట్టుకునే సున్నపుకాయ నాకియ్యమనిందంట. 'పెట్టెలో, ఎర్ర రగ్గు మడతలో దాచినా, వచ్చి తీసుకపో' అనింది. అంతే, పెట్టేసింది."

ఇదంతా కారు స్పీకర్లలోనే వచ్చింది. దాచడానికి లేదు. అత్త వైపు చూడాలంటే నాకు భయమేసింది. చూసినా. కళ్లల్లో నుంచి నీళ్లు కారతా ఉన్నాయి, తుడుచుకోవడం లేదు.

"మళ్లా చేస్తా" అని చిన్నత్తకు చెప్పి పెట్టేసినా. నా ఫోన్‌లో కాల్స్ చూసినా. పెద్దారవీడుకు నేను చేసినట్టు లేదు. ఆమె చేసిందొక్కటే ఉంది. అప్పుడు కారు తెర మీద కాల్స్ లిస్టు తీసినా. అందులో పైన ఆమె చేసిన కాల్, దాని కింద ఇంకొకటి. ఇక్కడి నుంచి పోయిన కాల్. పెద్దారవీడు చిన్నత్త, ఏడు నిమిషాలు. ఆ టైముకు కారు ఛార్జింగులో ఉంది, నేను సీట్లో కూర్చొని పేపర్లు దిద్దుతున్నా. కాల్ పోయి ఉంటే రింగు వినపడాల, ఆమె హలో అన్నది వినపడాల. నాకేం వినపడలేదు. ఆ తెరకు ఫొటో తీసుకున్నా. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది.

అంతలో అత్త ఎడమ చేత్తో నా భుజం మీద తట్టి, ముందుకు చూపించింది. గిద్దలూరు వైపు కాదు, రెండో వైపు.

పెద్దారవీడు మార్కాపురానికి దగ్గరే. దారి పొడుగునా కారు "వెనక్కి తిరగండి, వెనక్కి తిరగండి" అని చెప్తానే ఉంది. ఇంటి దారి పెట్టింది నేనే, ఆపడం తెలియలేదు. చివరికి సౌండు పూర్తిగా తీసేసి పోయినా.

చిన్నత్త ఇంటి ముందు నిలబడి ఉంది. నేను దిగేలోపలే ఆమే వచ్చి అత్త వైపు డోరు తీసి, కింద మట్టిలోనే కూలబడి అక్క చెయ్యి పట్టుకునింది. తర్వాత, "అక్కా, ఏదీ, ఇంకొక మాట అను" అనింది.

అత్త గట్టిగా ప్రయత్నం చేసింది. మెడ నరాలు తేలినాయి. "ఆ... ఆ..." అని మాత్రమే వచ్చింది.

చిన్నత్త నా వైపు చూసింది. ఆమె మళ్లా అక్క వైపు తిరిగి, "చాల్లే. చెప్పాల్సింది చెప్పినావు గదా" అని చీర కొంగుతో అత్త ముఖం తుడిచింది.

సాయంత్రం ఇల్లు చేరినాక మా ఆయనకు అంతా చెప్పినా. ఆయన మొదట ఏదో బ్లూటూత్ గొడవ అన్నాడు. సున్నపుకాయ సంగతి చెప్తే మాత్రం లేచి అత్త మంచం దగ్గరికి పోయినాడు. మా పెళ్లైన ఇన్నేళ్లలో ఆ వస్తువు పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అత్త పెట్టె తాళం ఆమె మెడలోనే ఉంటుంది. ఆమె ముందరే తీసినాం. అడుగున ఎర్ర రగ్గు ఉంది. దాని మడతలో ఇత్తడి సున్నపుకాయ, చిలుము పట్టి, లోపల గట్టిపడిన సున్నంతో ఉంది.

తర్వాత ఒంగోలు సర్వీసు సెంటరుకు పోయినాం. వాళ్లకు ఫొటో చూపించినా. ఫోన్ నుంచి పోని కాల్ కారు లిస్టులో ఉండే అవకాశమే లేదు మేడం అన్నారు. మరి ఇదేంది అంటే సాఫ్ట్‌వేర్ అన్నారు. చిన్నత్త ఫోన్‌లో నా నంబరు నుంచి కాల్ వచ్చినట్టు ఉంది, అది కూడా సాఫ్ట్‌వేరేనా అని అడిగినా. ఒకసారి రీసెట్ చేద్దాం అన్నారు. నేను వద్దంటున్నా వినకుండా చేసేసినారు. పేర్లు, పాటలు, కాల్స్ అన్నీ పోయినాయి. కంభం అంటే ఖమ్మం అనడం మాత్రం పోలేదు.

ఇంక నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు అత్త పక్కన కూర్చున్నా. ఏదన్నా అడిగితే అవునంటే ఆమె తల ఊపుతుంది, కాదంటే కళ్లు మూసుకుంటుంది. ఎప్పుడూ తప్పదు. ఆమెను అడిగినా.

"అత్తా, ఆ రోజు కారులో చిన్నత్తతో మాట్లాడింది నువ్వేనా?"

కళ్లు మూసుకునింది.

నేను అడిగింది అర్థం కాలేదేమోనని నిదానంగా మళ్లా అడిగినా. మళ్లా మూసుకునింది. నీ మనసులో అనుకున్నావా అన్నా. దానికీ కాదనే. మరి చిన్నత్త విన్నదంతా నిజమేనా, మీ అమ్మ నాలుగు దినాలు అడిగింది నిజమేనా అన్నా. అప్పుడు మాత్రం తల ఊపింది. ఒకసారి కాదు, చాలాసార్లు.

"మరి ఎవరు మాట్లాడినట్టు?"

ఎడమ చెయ్యి తెరిచి, తిప్పి చూపించింది. ఆమెకూ తెలీదు.

నేను ఎన్ని రకాలుగా ఆలోచించినా ఈ లెక్క తేలలేదు. చిన్నత్త ఇప్పుడు ప్రతి వారం పెద్దారవీడు నుంచి బస్సెక్కి వస్తుంది. అక్కకు తల దువ్వి, చెయ్యి పట్టుకొని, "ఫోన్‌లో నువ్వు అట్ల అనినావు గదక్కా, ఇట్ల అనినావు గదా" అని ఆ ఏడు నిమిషాల మాటలే చెప్తా ఉంటుంది. అత్త కళ్లు మూసుకోదు, తల ఊపదు, చెల్లెలి ముఖమే చూస్తా ఉంటుంది. నేను కూడా ఆమెకు ఏం చెప్పలేదు. చెప్పను.