మేస్త్రీకి చేరని పిలుపు

దర్జీ రిజర్వు దళంలో చేరింది దేశభక్తి పొంగిపొర్లి కాదు, బావమరిది పోరు పడలేక. ఆ బావమరిది తాపీమేస్త్రీ, అప్పటికే దళంలో ఉన్నాడు. "రేపు కష్టమొస్తే దేశానికి గుండీలు కుట్టిస్తావా బావా?" అని ఆటపట్టించి మరీ చేర్పించాడు.

రిజర్వు దళమంటే ఎవరి పని వాళ్ళు చేసుకుంటూనే ఏడాదికోసారి శిబిరానికి వెళ్ళి కవాతు చేసి రావడం. లైసెన్సుతో పాటు ఒక తుపాకీ ఇస్తారు. దాన్ని ఇంట్లోనే ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసుకోవాలి. యుద్ధమో వరదో వచ్చి పిలిస్తే వెళ్ళాలి. వెళ్ళనివాడి లైసెన్సు రద్దు, తుపాకీ వెనక్కి. దర్జీ ఆ పెట్టె మీద ఇస్త్రీ బట్టలు పేర్చేవాడు. మేస్త్రీ మాత్రం సిమెంటు చేతులు సబ్బుతో కడుక్కుంటే గానీ తాళం ముట్టేవాడు కాదు.

జేబుల్లో ఫోన్లు లేని కాలమది. పిలుపు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఫోన్లో అందేది. మందుల షాపతను దర్జీకి చేస్తే దర్జీ మేస్త్రీకి, మేస్త్రీ బస్సు డ్రైవరుకి చేయాలి. ఎవరైనా ఎత్తకపోతే అతన్ని దాటి తర్వాతివాడికి చెప్పాలి. ఆ ఏడు పైవాళ్ళకు ఏం సరదా పుట్టిందో, మాటిమాటికీ ఉత్తుత్తి పిలుపులే. పనులు పారేసి పరుగెత్తి వెళితే, గేటు దగ్గర ఆఫీసరు గడియారం చూసుకుని "బాగా వచ్చారు, ఇక వెళ్ళండి" అనేవాడు. నాన్నా పులి కథ చిన్నప్పుడు అందరం విన్నదే. ఆ ఆఫీసరుకి ఎవరూ చెప్పలేదు కాబోలు.

ఒక ఆదివారం భోజనాలయ్యాక ఫోన్ మోగింది. "మళ్ళీ రమ్మంటున్నారు" అన్నాడు మందుల షాపతను, ఆవలిస్తూ. దర్జీకి మేస్త్రీ గుర్తొచ్చాడు. వారమంతా పరంజా మీద నిలబడి నడుం పట్టేసిందని పొద్దున్నే తన చెల్లెలి దగ్గర, అంటే దర్జీ భార్య దగ్గర, వాపోయాడు. పాపం, కాసేపు పడుకోనీ అనుకున్నాడు దర్జీ. నేరుగా డ్రైవరుకి ఫోన్ చేసి, "మా బావ ఎత్తట్లేదు, నువ్వు బయల్దేరు" అన్నాడు. ప్రేమ కొద్దీ ఆడిన అబద్ధమే, కాదనను.

ఆ రోజు పులి నిజంగానే వచ్చింది. ఏటి గట్టు తెగింది. చీకటి పడేదాకా ఇసుక బస్తాలు మోశారు, ముసలివాళ్ళను వీపున వేసుకుని మేడలెక్కించారు. "మేస్త్రీ ఏడీ?" అని ఎవరో అడిగితే, "ఫోనెత్తలేదట" అన్నాడు డ్రైవరు. దర్జీ బస్తా మూతి కడుతున్నట్టు తల వంచుకున్నాడు.

వరద తీశాక ఆఫీసరు అందర్నీ నిలబెట్టి, ఫోన్ ఎందుకు ఎత్తలేదని మేస్త్రీని అడిగాడు. మేస్త్రీ ఒకసారి దర్జీ వైపు చూశాడు. దర్జీ చొక్కా గుండీ సర్దుకున్నాడు. అప్పుడు మేస్త్రీ, "నిద్ర పట్టేసిందండీ" అన్నాడు.

తుపాకీ కోసం జీపు పట్టపగలే వచ్చింది. వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. మేస్త్రీ చేతులు కడుక్కుని, తానే తాళం తీసి ఇచ్చాడు. ఆ రోజు నుంచి ఊళ్ళో అతను నిద్ర మేస్త్రీ. ఆ పేరుతో పిలిచినా పలికేవాడు, నవ్వేవాడు కూడా. అతను నవ్వినప్పుడల్లా దర్జీ కుట్టుమిషన్ మీదికి వంగేవాడు. రేపు చెబుదాం, శిబిరం అయ్యాక చెబుదాం అనుకునేవాడు. అలా అనుకుంటూనే తల నెరిసింది.

వయసు మీరిందని దర్జీని కూడా దళం నుంచి సాగనంపారు. దండ వేశారు, ఎవరో ఆఫీసరు వరద రోజుల సేవ గురించి పొగిడాడు. మేస్త్రీ వెనక వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లే దర్జీని నిలవనీయలేదు. మేస్త్రీని తన షాపుకి తీసుకొచ్చి కూర్చోబెట్టి, "బావా, ఆ ఆదివారం..." అని మొదలుపెట్టాడు.

"నాకు తెలుసులే" అన్నాడు మేస్త్రీ. "ఆ నడుం నొప్పితో ఎవడికి పడుతుంది నిద్ర? ఫోన్ పక్కనే పడుకునున్నా. మోగలేదు."

"మరి ఆఫీసరు ముందు అలా అన్నావేం?"

"నువ్వే చెబుతావని చూశా. చెప్పలేదు. చెల్లెలి మొగుణ్ణి పట్టుకుని అబద్ధాలకోరని నలుగురిలో ఎలా అననూ?"

"ఇప్పుడైనా వెళ్ళి చెబుతాను బావా. అందరికీ చెబుతాను."

"చాలా ఏళ్ళు చూశా, ఈ మాట అంటావని. ఇప్పుడు చెబితే ఏం లాభం? ఆ ఆఫీసరు పోయాడు. నాకూ వయసైపోయింది, తుపాకీ ఎవడిస్తాడు?" అరచేతులు చూసుకుంటూ మళ్ళీ అన్నాడు. "ఆ రోజు మీ అందరితో ఉండాల్సింది బావా. అదొక్కటే మింగుడుపడదు."

బయట నుంచి ఎదురింటాయన కేకేశాడు. "నిద్ర మేస్త్రీ! మా ప్రహరీ సంగతి చూస్తానన్నావు, వస్తావా?"

"ఇదిగో, వచ్చేస్తున్నా" అని మేస్త్రీ మొదటి కేకకే లేచి వెళ్ళాడు.

దర్జీ గుమ్మం దాకా వచ్చి నోరు తెరిచాడు. అప్పటికే వాళ్ళిద్దరూ గోడ గురించి మాట్లాడుకుంటూ సందు మలుపు తిరిగారు.