కిర్రుమన్న చక్రం

బ్రేకు నొక్కితే మా కారు అరుపు వీధి చివరిదాకా వినిపించేది. జగ్గయ్యపేటలో సున్నపురాయి లారీలు తిరిగే రోడ్డు పక్కన మా కాపురం. ఆ దుమ్మూ ఆ పైన పడ్డ వానలూ కలిసి ముందు చక్రాల బ్రేకు డిస్కులను తుప్పు పట్టించాయి. మెకానిక్ చూసి, బండి రెండు రోజులు వదిలేసి పొమ్మన్నాడు. వదిలితే అమ్మ సంగతి ఏమిటి? ఆమెకు కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు విజయవాడ తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. బస్సెక్కిస్తే కంచికచర్ల చేరేలోపే వాంతులు. కారు తిరిగితేనే అమ్మ ఉంటుంది. అందుకని ఆదివారం నేనే విప్పుదామని కూర్చున్నాను.

నాన్న వాకిట్లో కుర్చీ వేసుకున్నాడు. ఎద్దులతో మొదలుపెట్టి ట్రాక్టరు దాకా వ్యవసాయం చేసిన మనిషి. పొలం కౌలుకిచ్చి మా దగ్గరికి వచ్చాక చేతులకు పని లేదు. బాగున్న చీపురును విప్పి మళ్లీ కడతాడు, బాగున్న గొళ్లేనికి నూనె పోస్తాడు. అమ్మ జబ్బుకు తాను చేయగలిగిందేమీ లేదన్న దిగులే ఆయన చేత అవన్నీ చేయిస్తోందని నాకు తెలుసు. తెలిసినా చిరాకు చిరాకే.

బండి ముందు భాగాన్ని జాకీతో లేపి, సిమెంటు దిమ్మల మీద నిలబెట్టి చక్రాలు తీశాను. వెనక ఉన్న బోల్టులు విప్పితే, డిస్కును రెండు పక్కలా కరచుకుని ఉండే కాలిపర్ ఊడి వస్తుంది. దాన్ని రబ్బరు గొట్టానికి వేలాడనివ్వకూడదు, గొట్టం దెబ్బతింటుంది. తీగ కోసం వెతుకుతుంటే నాన్న దండెం తాడు ముక్కలు తెచ్చి, కాలిపర్లను పైకి లాగి కట్టాడు.

"ఎద్దుల్ని కట్టే ముడేరా ఇది. లాగేకొద్దీ బిగుస్తది, మనం విప్పితేనే ఊడుద్ది."

నిజంగానే గట్టిగా ఉంది. బాగుంది నాన్నా అన్నాను. ఆ మాటతో ఆయనకు ఊపొచ్చింది.

"ఇంతకీ ఇదెందుకురా అట్టా అరుస్తది?"

"తుప్పు నాన్నా. గరుకు కాగితంతో రుద్ది కొత్త ప్యాడ్లు వేస్తే పోద్ది."

"బండి కిర్రుమందంటే కందెన అడుగుతున్నట్టు. కిర్రుమనే బండిలో ఆడమనిషిని ఎక్కించి ఊరు దాటిస్తే మీ తాత ఊరుకునేవాడు కాదు."

వినీ విననట్టు రుద్దుతూ కూర్చున్నాను. ఆముదంలో గడ్డి కాల్చిన బూడిద కలిపి ఎడ్లబండి ఇరుసుకు పెట్టేదే కందెన. ప్రయాణానికి ముందు అది పెట్టడం మా ఇంట్లో యజమాని పని, పాలేరుకు కూడా వదిలేవాళ్లు కాదు.

డిస్కులు శుభ్రపడ్డాయి. అమ్మకు మందుల వేళ కావడంతో చేతులు కడుక్కుని లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి డిస్కులు ఇంకాస్త మెరుస్తున్నట్టు అనిపించింది. అది నా చేతి గొప్పదనం అనుకున్నాను. డిస్కును ఒత్తి పట్టి ఆపే ప్యాడ్లు వేసి, ముడులు విప్పి, కాలిపర్లు బిగించి, వీధిలో ఒక చుట్టు తిప్పాను. చప్పుడు లేదు. బ్రేకు కాస్త ఆలస్యంగా పడుతోంది. కొత్త ప్యాడ్లు కొంత దూరం తిరిగితేగాని సరిగ్గా పట్టవని దుకాణంలో చెప్పారు కాబట్టి దాన్ని పట్టించుకోలేదు.

"చూసావా, నోరు మూసుకుంది" అన్నాడు నాన్న. ఆయన ముఖంలో అంత సంతోషం చూసి చాలా కాలమైంది.

మర్నాడు అమ్మ వెనక సీట్లో పడుకుంది. సూదులు పొడిచిన చేతికి ఒత్తుకుంటుందని బెల్టు పెట్టుకునేది కాదు. చిల్లకల్లు దాటాక, "ఆముదం వాసన వస్తోందిరా" అంది. నీ తలనూనేలే అన్నాను. నందిగామ దగ్గర ముందు పోతున్న సిమెంటు లారీ నెమ్మదించింది. బ్రేకు నొక్కాను. కాలికింద గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగడం లేదు. రెండు కాళ్లతో తొక్కాను. లారీకి తగిలేసరికి వేగం బాగా తగ్గింది, మా బండి లైటు పగిలింది, అంతే. కానీ అమ్మ సీటు మీంచి కింద పడింది. ఆ జబ్బుకు ఎముకలు పెళుసెక్కుతాయి. తుంటి విరిగింది.

ఆసుపత్రిలో నన్ను దగ్గరికి రమ్మంది.

"నిన్న మీ నాన్న ఆముదం సీసా పట్టుకెళ్లాడు. కిటికీలోంచి చూసా. మోకాళ్లకేమో అనుకున్నా. చక్రాలకి రాసాడు కదూ?"

తిరిగి వచ్చేసరికి మెరిసిన డిస్కులు గుర్తొచ్చాయి. నూనె తగిలితే ప్యాడ్లు జారిపోతాయి, పట్టవు.

"ఆయనకి చెప్పకు. నేను పోయినా సరే, చెప్పకు."

అమ్మ మళ్లీ లేవలేదు. చలికాలం పూర్తికాకముందే పోయింది.

లారీవాడు ఉన్నట్టుండి ఆపాడని నాన్నకు చెప్పాను. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లతోనూ ఆయన, "బండిది తప్పు లేదు. కిర్రుమని కూడా అనలేదు" అనేవాడు. అయితే తప్పు నడిపినవాడిదే అన్నట్టు వాళ్లు నా వైపు చూసేవాళ్లు. నాకు ఆయన మీద పట్టలేనంత కోపం వచ్చేది. ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటుంటే, ఆ చేతులు చూసి, చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. ఆయన సగం తిని లేచిపోయేవాడు. నేను ఆ మాట మింగేసేవాణ్ణి.

ప్యాడ్లు మార్చి డిస్కులు కడిగించాను. ఈ ఏడు వానలకు అవి మళ్లీ అరవడం మొదలుపెట్టాయి. మొన్న ఆదివారం చక్రం తీసి కూర్చుంటే నాన్న వచ్చాడు. ఒక చేతిలో దండెం తాడు, ఇంకో చేతిలో ఆముదం సీసా.

"అప్పుడు నీకు చెప్పకుండా రాసాలేరా. చెప్తే కసురుతావని. మీ అమ్మ ఆ ఒక్క రోజన్నా చప్పుడు లేని బండిలో పోయింది."

బోల్టులు విప్పాను. కాలిపర్ ఊడి వచ్చింది. దాన్ని ఆయన ముందుకు చాపాను.

"తాడు వద్దు నాన్నా. ఇది నువ్వే పట్టుకో. దీనికి రెండు చేతులూ కావాలి."

తాడూ సీసా గడప మీద పెట్టి వచ్చి పట్టుకున్నాడు. నేను చాలనేదాకా వదల్లేదు.