బాడుగ ఇంట్లో అమ్మ గది

మా ఆయన పోయాక కొన్నాళ్లు మార్పుగా ఉంటుందని మనుమరాలు నన్ను బెంగుళూరులో తను బాడుగకుండే ఇంటికి తీసుకెళ్లింది. ఒక ఆదివారం గోడలకు జిగురు కొక్కీలు అంటించి, వాటికి బొమ్మలూ దీపాల తీగలూ తగిలిస్తూ, "ఖాళీ చేసేటప్పుడు పీకేస్తే మచ్చ కూడా పడదవ్వా, మేమున్నట్టే తెలీదు" అంది సంతోషంగా. బాగుందన్నాను. కానీ అక్కడ కూర్చోలేక వంటింట్లోకి వెళ్లిపోయాను. మా అమ్మ జీవితమంతా చేసిన పని అదే.

నాయన బోర్డు స్కూల్లో పిల్లలకు చదువు చెప్పేవాడు. మా వైపు అలాంటివాళ్లను అయివారనేవాళ్లు. యాభైలలో హిందూపురం, తర్వాత పెనుకొండ, అరవైలు మొదలయ్యాక ధర్మవరం, ఎక్కడికి వేస్తే అక్కడికి సంసారాన్ని ఎద్దులబండి మీదో లారీలోనో వేసుకుని పోయేవాళ్లం. మీ చిన్నతనం కూడా బాడుగ ఇళ్లల్లోనే గడిచివుంటే, ఇల్లుగలవాళ్లు తాళంచెవి చేతిలో పెట్టేముందు చెప్పే మొదటి మాట మీకూ గుర్తుండే ఉంటుంది: గోడకు మేకు కొట్టకూడదు. అవన్నీ సున్నం పూసిన మట్టిగోడలు, ఒక మేకు దిగితే అరచేతంత పెళ్ల ఊడి వచ్చేది, కాబట్టి వాళ్ల మాటలోనూ న్యాయముంది.

అమ్మ ఎప్పుడూ మేకు కొట్టలేదు. దూలానికి తాడు కట్టి, చినిగిపోయిన పట్టుచీర అంచులు కలిపి కుట్టిన తెరను దానికి వేలాడదీసేది. దేవుడి పటాలను గూళ్లలో ఆనించి పెట్టేది. గోడల అడుగున ఎర్రమన్నుతో పట్టీ తీసి, దాని మీద తెల్లగా చుక్కలు పెట్టేది. నూనె డబ్బాల్లో కనకాంబరాలు మాతోపాటే ఊళ్లు తిరిగేవి. హిందూపురంలో ఇంటామె ఇదంతా చూసి, "ఏమ్మా, నాలుగు దినాలుండే ఇంటికి ఇంత సింగారమా? దుడ్లు ఎక్కువైనాయా ఏమి?" అని ఎకసెక్కమాడితే, అమ్మ నవ్వి, "ఆ నాలుగు దినాలూ ఉండేది మేమే కదత్తా" అంది. పెనుకొండలో ఇల్లు మరీ పొట్టిది, తెర నేలమీద జీరాడితే కింద మడిచి కుట్టింది. ధర్మవరంలో వాకిలి ఎత్తయితే ఆ మడత విప్పింది. ఏ ఊరు వదిలినా, బండి వాకిట్లో నిలిచివుండగానే ఎర్రమన్నును తడిగుడ్డతో తుడిచి, దూరంగా నిలబడి ఒకసారి చూసి, అప్పుడు తాళంచెవి అప్పజెప్పేది. మంచి బాడుగదారులని ఊరంతా మమ్మల్ని మెచ్చుకునేది. ఆ మెప్పును అప్పుడు గొప్పగా అనుకున్నాను, ఇప్పుడు అనుకోను.

ధర్మవరం ఇల్లు పొడుగాటి మిద్దె. ముందుభాగంలో ఇంటియజమానురాలు, ఆమె కొడుకుల పట్టుమగ్గాలు. వెనక రెండు వాటాలు, ఒకటి మాది, ఒకటి సాయిబుల టైలరు కుటుంబానిది. ఆ ముసలామె అమ్మ సర్దిన గదిని తన చుట్టాలకు పిలుచుకొచ్చి చూపించేది. మేమామెను అవ్వా అనేవాళ్లం.

రెండో ఏడు అమ్మకు కడుపులో గడ్డ లేచింది. అనంతపురంలో డాక్టర్లు చూసి, ఇంటికి తీసుకుపోయి ఆమె అడిగింది పెట్టమన్నారు. అమ్మకు తినాలనేమీ లేదు. ఆ గదిలో, ఆ తెర కనబడే మూల, తన మంచం మీదే కన్ను మూయనిస్తే చాలని నాయనను అడిగింది. నాయన సరేనన్నాడు. ఆయన తన భార్యకు సొంతంగా ఇవ్వగలిగింది అదొక్కటే మిగిలింది.

కొన్ని నక్షత్రాల్లో ప్రాణం పోతే ఆ ఇంటిని నెలల తరబడి మూసెయ్యాలని అప్పటి నమ్మకం. అమ్మ మాట పడిపోతున్నదని తెలిసిన రోజు అవ్వ మా గుమ్మంలోకి వచ్చి కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది.

"అయివారూ, నేను చెడ్డదాన్ని కాదప్పా. చుక్క బాగలేకుంటే ఈ మిద్దెంతా మూయాల. మీ సంసారం బండికెత్తితే కదులుతాది. నా మగ్గాలు గుంతల్లో ఉండాయి, వాటిని ఎత్తుకోని యాడికి పోదును? నా బిడ్డలు ఏం తినాల?"

టైలరు భార్య ఆ మాట విని పరుగెత్తుకొచ్చింది. "మా వాటాలో పండబెట్టండి అయివారూ. మాకు చుక్కలూ లేవు, తిథులూ లేవు."

"నీ వాటా ఏమన్నా ఆకాశంలో ఉండాదా?" అంది అవ్వ ఏడుస్తూనే. "అదీ ఈ మిద్దె కిందనే కదమ్మా."

ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అందుకే నాయన గొడవపడలేకపోయాడు. దొడ్లో చాపలతో పందిరి వేయించాడు. లోపలినుంచి అమ్మ ఆ గుంజలు పాతే చప్పుడు విన్నది. ఎవరూ ఆమెకు ఏమీ చెప్పవలసిన పని లేకపోయింది. నాయన, టైలరు, అవ్వ కొడుకులిద్దరూ మంచాన్ని ఎత్తి వాకిలి దాటిస్తుంటే, అమ్మ కళ్లు తెరిచి, "చూసి పోండప్పా, గోడకు తగిలేరు" అంది. నేను విన్న ఆమె ఆఖరిమాట అదే.

పందిట్లో ఆమె ముఖం ఇంటివైపే ఉండేది. మధ్యాహ్నం ఎండ చాపల సందుల్లోంచి పడుతుంటే నేనూ అక్కా చీర అడ్డం పట్టుకుని నిలబడేవాళ్లం. ఓ పొద్దున, మగ్గాల చప్పుడు మొదలయ్యే వేళకు, ఊపిరి ఆగిపోయింది. పంచాంగం చూసిన పురోహితుడు ఆ నక్షత్రానికి ఏ దోషమూ లేదన్నాడు. లోపల పోయినా ఇల్లు మూసే పని ఉండేది కాదు. అందరికన్నా గట్టిగా ఏడ్చింది అవ్వే. నాయన కాళ్ల దగ్గర కూలబడి, "లోపలే ఉండనియ్యాల్సింది అయివారూ, నాకేం తెలుసునప్పా" అంటుంటే, నాయన ఆమెను లేపి కూర్చోబెట్టాడు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ ఆ సంగతి మా దగ్గర ఎత్తలేదు.

ఇప్పుడు నక్షత్రం అడిగేవాళ్లు తగ్గారు. చాలామందికి సొంత ఇళ్లున్నాయి. మా ఆయనా నేనూ కూడబెట్టి హిందూపురంలో ఇల్లు కట్టించుకున్నాం, ప్రతి గదిలోనూ కావలసినన్ని మేకులు కొట్టుకున్నాం. అయినా ఆయన పోయింది ఆ ఇంట్లో కాదు, బెంగుళూరు ఆసుపత్రిలో. ఇంటికి తీసుకుపోతామని అక్కడ ఎవరిని అడగాలో కూడా మాకు తెలియలేదు. అవ్వ లాంటి మనిషి ఒకతె గుమ్మంలోకి వచ్చి, కారణం చెప్పి, ఏడ్చి, వద్దనడం కూడా ఒక మర్యాదేనని నాకు అప్పుడు అనిపించింది. ఆయన కళ్లజోడూ దుప్పటీ సంచిలో పెట్టుకుని మేము గదిలోంచి బయటికి వస్తుంటే, గది కడిగే ఆమె బకెట్టు పట్టుకుని తలుపు పక్కన నిలబడి ఉంది. మా ముఖాల వైపు చూడకుండా, మేము దాటగానే లోపలికి వెళ్లింది.