ఉపేంద్రగారి కారు లెక్కలు

కొత్తగా కారు కొన్నవాడి ముఖంలో నవ్వు లేకుండా చేయడంలో మా అమలాపురంలో ఉపేంద్రగారిని మించినవారు లేరు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. సొంతానికి సైకిలే. అయినా ఎవరు కారు కొన్నా, అదే కారు మరో ఊళ్ళో ఎంతకు వచ్చేదో చెప్పకపోతే ఆయనకు అన్నం సయించదు.

నా కారు చక్రాల కింద నిమ్మకాయలు ఇంకా నలగలేదు, సైకిలు దిగారు.

"ప్రసాద్ గారూ, లైఫ్ టాక్స్ ఎంతైందండీ?"

చెప్పాను.

"అయ్యయ్యో. యానాంలో అయితే పుదుచ్చేరి రేటు, ఇందులో సగం కూడా అవదండి."

"నాకు యానాంలో ఇల్లు లేదు కదండీ."

"లేదు. అదే నా బాధ." కాసేపు నిజంగానే బాధపడ్డారు. "పోన్లెండి, ఇన్సూరెన్స్ హైదరాబాద్ కన్నా మనకే చవక."

మా ఆవిడ శ్రీలలిత ముఖం వికసించింది.

"కానీ మనది కాలవల దేశం కదండీ. ఇంజన్‌లోకి నీరెళ్తే డబ్బిచ్చే కవరు విడిగా కట్టేరా?"

కట్టలేదు. ఆ మాటే వారం రోజులు రోజూ వచ్చి అడిగారు. ఎనిమిదో రోజు చుట్టాల ముందు నా నోరు జారింది.

"కారు కొనలేనివాళ్ళకే ఇన్ని లెక్కలు కావాలండి."

"ఆయ్," అని సైకిలెక్కారు. మళ్ళీ మా గడప తొక్కలేదు. పీడ పోయిందనుకున్నాను.

ఆగస్టులో గోదారి పొంగింది. అప్పనపల్లి నుంచి వస్తుంటే నీళ్ళలో కారు ఆగిపోయింది. బుద్ధిలేక రెండుసార్లు స్టార్ట్ చేశాను. ఇంజన్ పోయింది. ఆ కవరు లేదు కనక ఇన్సూరెన్స్‌వాళ్ళు పైసా రాదన్నారు. కారు నాలుగు నెలలు షెడ్లోనే పడి ఉంది. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా లోపల నవ్వుకుంటూనే వెళ్ళారు.

ఒకరోజు ఉపేంద్రగారు వచ్చారు. నేను తల ఎత్తలేదు.

"పాలసీ కాగితాలు ఇవ్వండి," అన్నారు. అరుగు మీదే కూర్చుని చివరి పేజీదాకా చదివారు. "ఇంజన్‌కి రాదండి. సీట్లకీ వైరింగుకీ ఎందుకు రాదు? పదండి, అడుగుదాం."

రాజమండ్రి ఇన్సూరెన్స్ ఆఫీసుకి నాతో బస్సులో నాలుగుసార్లు వచ్చారు. నాలుగోసారి అక్కడి ఆఫీసరు విసిగిపోయాడు.

"అసలు మీరు ఈయనకి ఏమవుతారండీ?"

"ఏమీ అవనండి. కారు తెలుసు."

సీట్లకీ వైరింగుకీ ఇస్తామని రాసిచ్చారు. తిరుగు బస్సులో అడిగాను, ఇదంతా ఎందుకని.

"మా అన్నయ్య జగన్మోహనరావు టాక్సీ నడిపేవాడండి. వరదలో ఇలాగే పోయింది. అన్నయ్య మళ్ళీ కోలుకోలేదు. ఆ పాలసీ కాగితాలు ఇంట్లోనే ఉండేవి. నేను లెక్కల మాస్టార్ని, ఒక్కసారైనా తీసి చదవలేదు."

జొన్నాడ దాటాక ఆయన వైపు తిరిగాను.

"ఆ రోజు అలా అని ఉండకూడదు మాస్టారూ. క్షమించండి."

"బాధేసిందండి," అన్నారు సూటిగా. తర్వాత కండువా చెవులకు చుట్టుకున్నారు. "కాస్త ఇటు జరగండి, తల ఆనించుకుంటాను."

అమలాపురం వచ్చేదాకా గురకపెట్టి నిద్రపోయారు. నా భుజం తిమ్మిరెక్కింది. కదపలేదు.